ఖాళీ సీటు ఎవరిది?

నాందేడ్‌లో ఉద్యోగస్తుల ఇళ్లలో తెల్లవారగానే వినిపించే మాట ఒకటుంది: అప్‌డౌన్. "మా పెద్దోడు ధర్మాబాద్‌కు అప్‌డౌన్ చేస్తడు", "కోడలిది బిలోలి అప్‌డౌన్" అంటుంటారు. కాపురం ఒకచోట, కొలువు ఇంకొకచోట. పొద్దున పోయి సాయంత్రం తిరిగి రావడం అన్నమాట. మరాఠీవారూ ఈ మాటే వాడతారు, తెలుగువారమూ ఇదే వాడతాం. రెండు భాషలవాళ్లకూ సమానంగా దక్కిన కష్టం కనుక కాబోలు, మాట కూడా ఉమ్మడిగానే ఉండిపోయింది.

నేను లెక్కల మాస్టరుగా పనిచేసి 2016లో పదవీ విరమణ చేశాను. నాయగావ్, నర్సీ దాటి బిలోలి వైపు పోతే వచ్చే ఒక ఊళ్లో మా హైస్కూలు. బడిలో పాఠం మరాఠీలో. పిల్లల్లో చాలామందికి ఇంట్లో మాట తెలుగు. నా కాపురం మాత్రం నాందేడ్‌లోనే. ఎందుకంటే మా పిల్లల చదువుల కోసం. నేను చదువు చెప్పే పిల్లలు ఒక ఊళ్లో, నా పిల్లలు చదువుకునే బడి ఇంకో ఊళ్లో. ఉపాధ్యాయుడు బడి ఉన్న ఊళ్లోనే నివాసముండాలన్న నియమం గురించి మా రాష్ట్రంలో ఏళ్ల తరబడి వాదాలు నడుస్తున్నాయి. ఆ తప్పొప్పుల లెక్క మరో వ్యాసానికి వదిలేస్తాను. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, ఇక్కడ ఎవరి మీదా వేలు చూపించే అర్హత నాకు లేదని పాఠకులకు మొదటే తెలియాలి.

మొదట చాలా ఏళ్లు ఎర్రబస్సులోనే తిరిగాను. నెల పాసు కొనుక్కునేవాణ్ణి. 20 రోజుల చార్జీ కడితే 30 రోజులు తిరగనిచ్చే పాసు అది. 2009లో మాలో కొందరికి ఒక ఆలోచన వచ్చింది. ఉపాధ్యాయులం, బ్యాంకు గుమాస్తాలు, తాలూకా కచేరీ ఉద్యోగులు, ఇద్దరు నర్సమ్మలు కలిసి 24 మందిమి తేలాం. 32 సీట్ల ప్రైవేటు బస్సు ఒకటి నెలకు మాట్లాడుకున్నాం. తలా 1,800 రూపాయలు. లెక్కల మాస్టరును గనక జమాఖర్చుల పుస్తకం నా చేతిలో పెట్టారు. ఆ పుస్తకం మొదటి పేజీలో మూడు నియమాలు రాసుకున్నాం. ఒకటి, ప్రతి నెలా 5వ తేదీలోగా డబ్బు కట్టాలి. రెండు, ఎవరి కోసమైనా సరే మూడు నిమిషాలకు మించి ఆగరాదు. మూడు, బయటివారిని ఎక్కించుకోరాదు.

ఆ బస్సు సుఖం ఎంతటిదో అనుభవించినవారికే తెలుస్తుంది. ఎవరి కిటికీ వారిది. పోయేటప్పుడు పేపరు, వచ్చేటప్పుడు కునుకు. నర్సమ్మలు ఇక చీకటి పడ్డాక ఫాటా దగ్గర ఒంటరిగా నిలబడే అవసరం లేకపోయింది. నాకు బడి మొదటి గంట తప్పిపోవడం మానింది. నెలకోసారి బస్సులోనే భిశీ పాడుకునేవాళ్లం. ఒకరింటి పెళ్లి అందరి పెళ్లి. నలుగురూ పూనుకుని తమ అవసరం తామే తీర్చుకుంటే ఎంత బాగుంటుందో చూపడానికి మా బస్సునే ఉదాహరణగా చెప్పుకునేవాణ్ణి.

2013 అక్టోబరులో, దీపావళి సెలవులకు ముందు బళ్లో పరీక్షలు జరుగుతున్నాయి. ఆ రోజు తొమ్మిదో తరగతికి లెక్కల పరీక్ష. నర్సీ దాటాక ఒక ఫాటా దగ్గర మా తరగతి పిల్లవాడు నిలబడి ఉన్నాడు. వాడి పేరు ఇక్కడ అవసరం లేదు. ఫాటా నుంచి లోపలికి రెండు మైళ్ల దూరంలో ఒక వాడీ వాడిది. భుజాన సంచి, చేతిలో పరీక్ష అట్ట. పొద్దుటి బస్సు ఆ రోజు రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు, ఆ తప్పును ఎవరి మీదా పెట్టడం నా ఉద్దేశం కాదు. బస్సులన్నాక ఏదో ఒక రోజు చెడిపోతాయి.

మా బస్సు చూసి వాడు చెయ్యెత్తాడు. డ్రైవరు వేగం తగ్గించి అద్దంలోంచి నా వైపు చూశాడు. "ఘేఊ కా, గురుజీ?" అన్నాడు. ఎక్కించుకోనా అని. ఆ రోజు మావాళ్లు ఇద్దరు సెలవు. బస్సులో పది సీట్లు ఖాళీ. అంతకు కొన్ని నెలల ముందు ఇదే డ్రైవరు దారిలో ఇద్దరిని ఎక్కించుకుని తనిఖీలో పట్టుబడ్డాడు. జరిమానా కట్టాల్సి వచ్చింది. ఆ జరిమానాను పుస్తకంలో రాసింది నేనే. మూడో నియమం కింద గీత గీసింది కూడా నేనే. నేను తల అడ్డంగా ఊపాను. బస్సు సాగిపోయింది. కిటికీలోంచి వాడు నన్ను చూశాడు. నేను పేపరు చూశాను.

పరీక్ష మొదలైన నలభై నిమిషాలకు వాడు తలుపు దగ్గరికి వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. "బస్సు రాలే సార్" అన్నాడు. అంతే. మీ బస్సు వచ్చింది గదా, ఆపలేదు గదా అనలేదు. లోపలికి రమ్మని ప్రశ్నపత్రం ఇచ్చాను. గంట కొట్టాక అందరితో పాటు వాడి పేపరూ తీసేసుకున్నాను, ఎందుకంటే అది నియమం. ఆ పొద్దున నేను రెండు నియమాలు పాటించాను. రెండింటిలోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. రాత్రి పేపర్లు దిద్దుతుంటే వాడి పేపర్లో చివరి రెండు లెక్కలకు ఖాళీ వదిలిన చోటు కనిపించింది.

ఇదీ జరిగింది. వినడానికి చాలా చిన్న సంగతి. ఎవరూ చావలేదు, ఎవరి బతుకూ పాడుకాలేదు. వాడు ఆ ఏడు పాసయ్యాడు కూడా. అయినా నా మనసులో ఒక ప్రశ్న మిగిలిపోయింది: ఆ పది ఖాళీ సీట్లు ఎవరివి?

మొదట నన్ను నేను సమర్థించుకున్న తీరు చెబుతాను. ఆ సీట్లు మావి. నెలకు 43,200 రూపాయలు పోసి మాట్లాడుకున్న బస్సు. అందులో మేము కూర్చున్న సీటు ఎంత మాదో కూర్చోని సీటూ అంతే మాది. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందని దారినపోయేవాడికి హక్కు రాదు కదా. మేము వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు, వాడి బస్సును ఆపలేదు. మేము లేకపోయినా వాడు ఆ ఫాటా దగ్గరే నిలబడి ఉండేవాడు.

దీనికి తోడు చట్టం కూడా మా పక్షమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో బస్సులు రెండు రకాలు. స్టేజ్ క్యారేజ్ అంటే దారిలో ఆగుతూ, ఎవరి టికెట్టు వారి దగ్గర తీసుకుంటూ, ఎక్కించుకుంటూ దింపుతూ పోయేది. కాంట్రాక్ట్ క్యారేజ్ అంటే మొత్తంగా ఒప్పందానికి మాట్లాడుకున్నది. ఆ ఒప్పందంలో లేని మనిషిని దారిలో ఎక్కడా ఎక్కించుకోకూడదు. అంటే ఫాటా దగ్గర పిల్లవాడిని చూసి జాలిపడి ఆపడం నేరం, ఆపకుండా పోవడం చట్టబద్ధం.

చాలాకాలం ఈ చట్టం నాకు దయలేనిదిగా అనిపించింది. తర్వాత దాని వెనుక ఉన్న కారణం ఆలోచిస్తే ఇంకో సంగతి తెలిసింది. స్టేజ్ క్యారేజ్ బస్సుకు బరువులు చాలా ఉంటాయి. జనం ఉన్నా లేకున్నా వేళకు బయల్దేరాలి. రూటులో ఉన్న ఫాటా ఫాటాకూ ఆగాలి. విద్యార్థి పాసుకు మూడో వంతు డబ్బుకే ఎక్కించుకోవాలి. కాంట్రాక్ట్ బస్సుకు ఈ బరువులేవీ లేవు. అలాంటప్పుడు అది దారిలో దొరికిన టికెట్లను ఏరుకుంటూ పోతే, బరువులు మోసే బస్సుకు మిగిలేది ఖాళీ రోడ్డే. ఆ పిల్లవాడిని ఎక్కించుకోవద్దని మాకు చెప్పిన చట్టం, నిజానికి ఆ పిల్లవాడి బస్సును కాపాడటానికే అలా చెప్పింది. దయ చూపవద్దన్న ఆ నిబంధన వెనుక అంతకంటే పెద్ద దయ ఒకటి ఉంది.

ఆ పెద్ద దయకు మన ప్రాంతంలో పాత చరిత్రే ఉంది. నాందేడ్ నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1932లో, నిజాం రైల్వేవారు రోడ్డు రవాణా శాఖ తెరిచారు. మొదలైంది 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో. మన దేశంలో ప్రభుత్వం తానే ప్రయాణికుల బస్సులు నడపడానికి పూనుకున్న తొలి ప్రయత్నాల్లో అది ముఖ్యమైనది. అటు బొంబాయి రాష్ట్రంలో 1948 జూన్ 1న పుణె నుంచి అహ్మద్‌నగర్‌కు మొదటి ప్రభుత్వ బస్సు బయల్దేరింది. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. మనవాళ్లు, మన బస్సులు, రోడ్లు అన్నీ ఒకేసారి రాష్ట్రం మారాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ, 1961లో మహారాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడ్డాయి. ఏ రాష్ట్రంలోనైనా సూత్రం ఒకటే: లాభమొచ్చే రూటు నష్టమొచ్చే రూటును పోషించాలి. పట్నం వాడి టికెట్టులోంచి పల్లె వాడి బస్సుకు కొంత డీజిలు పోయాలి.

ఇప్పుడు లెక్కల మాస్టరుగా నా లెక్క నేను వేసుకుంటాను. మేము 24 మందిమి పొద్దుటి ఎర్రబస్సులో ఉన్నప్పుడు ఆ ట్రిప్పుకు అన్నం పెట్టింది మేమే. మావి పెద్దవాళ్ల పాసులు, దూరం కూడా ఎక్కువ. మిగిలినవారు మూడో వంతు కట్టే విద్యార్థులు, ఉచిత పాసున్న ఆడపిల్లలు, రెండు ఊళ్ల దూరం పోయే కూరగాయల గంపలవాళ్లు. మేము దిగిపోయిన మర్నాడు కూడా ఆ బస్సు నడిచింది. కాగితం మీద మాత్రం అది నష్టాల ట్రిప్పు అయిపోయింది. అదే బస్సు, అదే డ్రైవరు, అదే రోడ్డు. మారింది మేము మాత్రమే. మేము వాడి బస్సును ఆపలేదని పైన అన్నాను. ఆ మాట ఇప్పుడు అంత ధీమాగా అనలేను.

పోయింది డబ్బొక్కటే కాదు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక పుస్తకం రాశాడు. ఆయన ఆలోచన మొదలైంది నైజీరియాలో. అక్కడ ప్రభుత్వ రైళ్లు సరిగా నడవడం లేదు. వేరుశెనగ వంటి సరుకు లారీల్లోకి మళ్లింది. పోటీ వచ్చింది కాబట్టి రైళ్లు బాగుపడాలి కదా అని ఎవరైనా అనుకుంటారు. బాగుపడలేదు. కారణం వెతికితే ఆయనకు తోచింది ఇది: గట్టిగా అడిగేవాళ్లు, సేవ చెడితే ఊరుకోనివాళ్లు అందరికంటే ముందు లారీల్లోకి వెళ్లిపోయారు. రైలుకు మిగిలింది అడగలేనివాళ్లు. వెళ్లిపోవడం, నోరు విప్పడం అనే రెండు దారుల్లో మొదటిది సులువైతే రెండోది మూతబడుతుందని ఆయన వాదం. ఇదే వాదాన్ని ఆయన ప్రభుత్వ బడులకు కూడా వర్తింపజేశాడు. చదువు మీద పట్టింపు ఉన్న తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని ప్రైవేటు బడికి పోతే, ప్రభుత్వ బడిని నిలదీసేవారు ఉండరని. అది చదివినప్పుడు ప్రభుత్వ మాస్టరునైన నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎర్రబస్సు రోజులు గుర్తుకు తెచ్చుకున్నాను. బస్సు వరుసగా మూడు రోజులు ఆలస్యమైతే మేము ఊరుకునేవాళ్లం కాదు. ఎవరో ఒకరు తెల్లకాగితం తీసేవారు. నేను మంచి మరాఠీలో దరఖాస్తు రాసేవాణ్ణి. 24 సంతకాలు పడేవి. నలుగురం కలిసి డిపోకు పోయి ఇచ్చి వచ్చేవాళ్లం. మా సంతకాల కింద హోదాలు కూడా ఉండేవి గనక ఆ కాగితానికి విలువ ఉండేది. ఆ దరఖాస్తులో మేము రాసింది మా కోసమే. కానీ వేళకు వచ్చిన బస్సు ఫాటా దగ్గర పిల్లవాడికి కూడా వేళకే వచ్చేది. మాకు తెలియకుండానే మేము వాడి తరఫు వకీళ్లం. 2009లో మేము దిగిపోయినప్పుడు మాతోపాటు ఆ తెల్లకాగితం కూడా దిగిపోయింది.

ఇక్కడే ఈ పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఆ పిల్లవాడి తల్లికి తెలుగు వచ్చు, కూలిపనికి సరిపడా మరాఠీ మాట్లాడటం వచ్చు, ఏ భాషలోనూ రాయడం రాదు. సరిహద్దు తాలూకాల్లో మనవాళ్లు ఎంతోమంది ఇలాంటివారు. కచేరీ భాష ఒకటి, ఇంటి భాష ఒకటి అయినచోట నోరు విప్పడానికి మధ్య మనిషి కావాలి. రెండు భాషలూ చదివి, ఉద్యోగం చేసి, నాలుగు కచేరీలు తెలిసిన మనబోటివాళ్లే ఆ మధ్య మనుషులు. అల్పసంఖ్యాకుల్లో చదువుకున్నవాడు ఉమ్మడి బస్సు దిగిపోతే, అక్కడ మిగిలినవారికి ఒక ప్రయాణికుడు మాత్రమే తగ్గడు. ఒక నాలుక తగ్గుతుంది. మనం మన సంఘాల్లో కూర్చుని తెలుగు పాఠశాలల గురించి, తెలుగు వాచకాల గురించి తీర్మానాలు చేస్తాం, చేయాల్సిందే. అయితే మన భాష మాట్లాడే తల్లి తరఫున ఒక బస్సు దరఖాస్తు రాయడం కూడా భాషా సేవే అవుతుందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఈ ప్రశ్న మా చిన్న బస్సుతో ఆగిపోలేదు. అదే 2013 డిసెంబరులో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం రోడ్డు మీదికి వచ్చి, కంప్యూటర్ కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడిపే బస్సులను అడ్డగించారు. ఆ బస్సులు నగర బస్సు స్టాపుల్లోనే ఆగేవి, నగర ప్రజలను మాత్రం ఎక్కించుకునేవి కావు. 2014లో నగర రవాణా సంస్థ స్టాపు వాడుకున్నందుకు ప్రతిసారీ ఒక డాలరు చొప్పున రుసుము కట్టించే ఏర్పాటు చేసింది. 2015లో మన దేశంలోనూ ఫోనులో సీటు బుక్ చేసుకునే ప్రైవేటు బస్సులు వచ్చాయి. ఢిల్లీ వైపు షటిల్, ముంబైలో సిటీఫ్లో. కరోనా కాలంలో దెబ్బతిన్న షటిల్ 2021లో చలో అనే మరో సంస్థ చేతికి పోయింది. 2023లో ఢిల్లీ ప్రభుత్వమే ఇలాంటి ప్రీమియం బస్సులకు లైసెన్సులిచ్చే పథకం తెచ్చింది. సీటు ముందే ఫోనులో బుక్ చేసుకోవాలి, నిలబడి ప్రయాణం లేదు. 2009లో మేము పుస్తకం మొదటి పేజీలో రాసుకున్న మూడో నియమం, పెద్ద నగరాల్లో పద్ధతిగా స్థిరపడిందన్నమాట.

ఇవన్నీ చెడ్డవని నేను అనను. 24 మంది ఒక బస్సులో పోవడం 24 మోటారు సైకిళ్ల కంటే ఎంతో నయం. అమెరికాలోనే రెస్టన్ అనే ఊరివాళ్లు 1968లో తామే పూనుకుని వాషింగ్టన్ దాకా ఉద్యోగస్తుల కోసం బస్సు మాట్లాడుకున్నారు. అది కార్లు తగ్గించే మంచి పనే. పైగా 2021 అక్టోబరు చివరి నుంచి 2022 ఏప్రిల్ దాకా మా రాష్ట్రంలో ఎర్రబస్సుల సమ్మె సాగినప్పుడు, ప్రైవేటు బళ్లు లేకపోతే జనం ఇంకా అవస్థపడేవాళ్లు. ఆలస్యమైన బస్సులో కూర్చుని మాస్టరు బడికి ఆలస్యంగా వెళ్తే, ఒక పిల్లవాడి బదులు నలభై మంది పిల్లలు నష్టపోతారు. ఉమ్మడి కష్టంలో పాలుపంచుకోవడమే ధర్మమని, అందుకోసం నర్సమ్మలు చీకట్లో నిలబడాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మరి తప్పు ఎక్కడుంది? ఫాటా దగ్గర తల అడ్డంగా ఊపిన ఆ ఒక్క క్షణంలో ఉందని చాలా రోజులు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ క్షణానికి ఒక నియమం ఉంది, జరిమానా భయం ఉంది, చట్టం ఉంది. తప్పు అంతకు నాలుగేళ్ల ముందు మొదలైంది. ఎర్రబస్సు దిగిన రోజున, ఇక ఆ బస్సు సంగతి మాది కాదని మేము అనుకోవడంలో ఉంది. వెళ్లిపోవడం వేరు, చేతులు దులుపుకోవడం వేరు. ఊరు వదిలి పట్నం పోయినవాణ్ణి ఊరు తప్పు పట్టదు. ఊరి బావి ఎండిందంటే నాకేం అన్నవాణ్ణి తప్పు పడుతుంది. "ఎవరికి వారే యమునా తీరే" అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. బయటివారిని ఎక్కించుకోరాదన్న నియమం పెట్టుకునేనాటికి మాకు చట్టం సంగతే తెలియదు. గంపలు ఎక్కితే వాసన, జనం ఎక్కితే గోల అన్నది ఆనాటి కారణం. మాలో ఒకాయన ఉన్నమాట అనేశాడు: "ఎవరూ ఎక్కకుండా ఉండటానికే గదా మనం ఇంత కడుతున్నం?" అందరం నవ్వాం. మేము కొన్నది కూర్చునే సీటు కాదు, పక్కన ఖాళీగా ఉండే సీటు. ఆ ఖాళీకి ధర కట్టిన తర్వాత అందులో ఎవరు కూర్చున్నా మాకు నష్టంలాగే కనిపిస్తుంది.

పరీక్షలైన తర్వాతి నెల భిశీ రోజున బస్సులో ఒక ప్రతిపాదన పెట్టాను. ఫాటాల దగ్గర ఎక్కే విద్యార్థులు ఇద్దరి పేర్లు మన ఒప్పందం జాబితాలోనే చేర్చుదాం, అప్పుడు చట్టం అడ్డురాదు. బస్సు కిరాయి ఎలాగూ మారదు గనక ఎవరికీ ఒక్క రూపాయి భారం పడదు. వాదన జరిగింది. "ఈ రోజు ఇద్దరు, రేపు ఇరవై మంది" అన్నారు. "పిల్లవాడికి దారిలో ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?" అన్నారు. రెండూ కొట్టిపారేయదగ్గ మాటలు కావు. చేతులెత్తించాం. సరేనన్నవారు 9 మంది, వద్దన్నవారు 15 మంది. లెక్కపెట్టింది నేనే. అలిగి బస్సు మానేశానా అంటే లేదు. మర్నాడు అదే కిటికీ దగ్గర కూర్చున్నాను. రిటైరయ్యేదాకా మూడేళ్లు అందులోనే తిరిగాను. నాకున్న ధైర్యం అంతే.

అయితే ఆ వారమే ఒక దరఖాస్తు రాశాను. పొద్దుటి బస్సు పరీక్షల రోజుల్లోనైనా తప్పకుండా రావాలని, బడి గంటకు అందేలా వేళ మార్చాలని. రాయడానికి పట్టింది ఇరవై నిమిషాలు. దాని ముందు నాలుగేళ్లు నేను ఆ ఇరవై నిమిషాలు కేటాయించలేదు. ఆదివారం పూట ఆ వాడీకి వెళ్లి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. ఆ పిల్లవాడి పాసు కూడా అప్పుడే దగ్గరగా చూశాను. ప్లాస్టిక్ కవరులో పెట్టి అంచులకు దారంతో కుట్టింది వాళ్లమ్మ. నెలనెలా ముందుగా డబ్బు కట్టి తీసుకున్న పాసు. అంటే వాడూ నాలాగే నెల చందాదారుడే. ఆ రోజు నలభై నిమిషాలు ఎందుకు ఆలస్యమైందో కూడా అక్కడే తెలిసింది. చేతిలో పాసు ఉన్నవాడికి జేబులో పైసలుండవు. కాలీపీలీ జీపు ముందు నుంచే పోయినా ఎక్కలేక, బడిదాకా నడిచి వచ్చాడు.

దరఖాస్తు డిపోలో తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు. కొన్నాళ్లకు ఆ బస్సు వేళ పావుగంట ముందుకు జరిగింది. నా కాగితం వల్లనే జరిగిందని చెప్పుకోను.

వేలిముద్ర వేస్తూ ఆ తల్లి అడిగిన మాట ఒకటి ఉంది. "మీరు మా బస్సుల రారు గద సార్, మరి మీరెందుకు రాస్తున్రు?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "నాకు రాయనీకి వస్తది గదమ్మా" అన్నాను. ఇంకా చెప్పాల్సింది ఉంది. ఆ రోజు చెప్పలేకపోయాను.